చింతాకు మీద నూట ఎనిమిది సున్నాలు

చంద్రహేల రాజ్యపు యువరాజు కేయూరుడు పదకొండు రోజులు అడవులు దాటి, రెండు నదులు ఈది, ఒక కొండచిలువ నోట్లో తన ఉత్తరీయాన్ని వదిలేసి, పన్నెండో రోజు పొద్దున గండభేరి దుర్గం ముందు నిలబడ్డాడు. చూసినవాళ్ళెవరూ యువరాజనుకోరు. నెత్తిన పాగా, నుదుట అడ్డనామం, చెవి వెనక గంటం, చంకలో తాటాకుల కట్ట. చురకత్తి పంచె కుచ్చిళ్ళలో దాగింది. వేషానికి పెట్టుకున్న పేరు పేరిభట్టు. వృత్తి లెక్కల పంతులు.

ఆ వేషం వేయడానికి కారణం ఉంది. ఏడాది కిందట ఘూకముఖుడనే మాంత్రికుడు చంద్రహేల కొలువుకొచ్చి తన విద్యలు ప్రదర్శించాడు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ప్రదర్శించాడు. సింహాసనం మీదున్న వజ్రబాహు మహారాజు పాపం ఆవులించాడు. మాంత్రికుడికి ఒళ్ళు మండింది. మంత్రదండం విసిరాడు. రాజు కూర్చున్న చోట కడవంత కంచు గంట మిగిలింది. దాన్ని తన గుడ్లగూబ వీపుకు కట్టుకుని ఎగిరిపోయాడు. ఆ గంట మాంత్రికుడి చెల్లెలు ఝంఝ అనే రాక్షసి కోటలో ఉందని, ఆమె తన పిల్లలకు లెక్కలు చెప్పే పంతులు కోసం వెతుకుతోందని కేయూరుడు దారిలో విన్నాడు. లోపలికి పోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం దొరకదనుకున్నాడు.

చిక్కల్లా ఒక్కటే. అతనికి కత్తి వచ్చు, గుర్రం వచ్చు, ఐదు దేశాల భాషలు వచ్చు. లెక్కలు రావు. గురుకులంలో లెక్కల పాఠం మొదలవగానే కిటికీలోంచి దూకి గుర్రపుశాలకు పోయేవాడు.

గండభేరి దుర్గం చూడడానికి గొప్పగా ఉంది. మదపుటేనుగులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డట్టు నల్లరాతి బురుజులు. వాటి మీద పాకిన ఎర్రపూల తీగలు దూరానికి నెత్తుటి చారికల్లా, దగ్గరికి పోతే వట్టి పూలలా కనిపిస్తున్నాయి. తిమింగలం పక్కటెముకలతో సింహద్వారం. దానికి పుర్రెల తోరణం. ఎవరో శ్రద్ధగా ప్రతి పుర్రెకూ పసుపు రాసి బొట్టు పెట్టారు. గడప ముందు పదహారు చుక్కల ముగ్గు.

తలుపు తెరిచింది ఝంఝ. తాటిచెట్టులో సగం ఎత్తుంది. చేతిలో చేట. మెళ్ళో ఆరు పాగాలు గుచ్చిన దండ.

"ఎవరు నువ్వు?"

"లెక్కల పంతుల్ని తల్లీ. పేరిభట్టంటారు."

"ఎంత దాకా వచ్చు?"

"మీకెంత దాకా కావాలంటే అంత దాకా."

"ముందొచ్చిన ఆరుగురూ ఇదే మాటన్నారు," అంటూ ఝంఝ దండలోని పాగాల్ని ఒక్కొక్కటే సవరించుకుంది. "చూడు పంతులూ. ఇవాళ మధ్యాహ్నం మా అన్నయ్య వచ్చి పిల్లలకు పరీక్ష పెడతాడు. నెగ్గితే మంత్రవిద్య నేర్పుతానన్నాడు. పక్క కొండ మీద కుంభోదరి కొడుకు లక్ష దాకా రాస్తాడట. అది మొదలు దాని కాళ్ళు నేల మీద ఆనట్లేదు. నా పిల్లలు కోటి రాయాలి."

"రాయలేకపోతే?"

ఆమె చేట వంచి చూపించింది. నిండా లేత చింతచిగురు.

"ఉల్లిపాయలు కూడా తరిగేశాను," అంది.

కేయూరుడు లోపలికి నడిచాడు.

బడంటే ఒక రాతి మండపం. అందులో నలుగురు పిల్లలు చాపల మీద కూర్చుని ఉన్నారు. పెద్దవాడు గర్జనుడు. పన్నెండేళ్ళకే మీసాలొచ్చాయి, మెడ ఎద్దు మెడంత ఉంది. వాడి తర్వాత కవలలు, పిడుగూ మెరుపూ. ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు వాడి మోచెయ్యి కొరుకుతుంటాడు. చివర చిటికె. ఆరేళ్ళ పిల్ల. మన ఇళ్ళలో ఆడపిల్లంతే ఉంది, రాక్షసుల్లో అది మరీ పొట్టి. రెండు పిలకలు, పై పెదవి కింద రెండు బుల్లి కోరలు. ఎడమ కోర ఊగుతోంది. దాన్ని నాలుకతో ముందుకూ వెనక్కూ తోస్తూ కొత్త పంతుల్ని ఎగాదిగా చూసింది.

"ఇతన్ని ఎప్పుడు తింటాం?" అని అడిగింది.

"పరీక్షయ్యాక," అన్నాడు గర్జనుడు. "ముందు దణ్ణం పెట్టు."

వాడు లేచి రోకలి తీసుకుని, మండపం మధ్య గొలుసుకు వేలాడుతున్న కంచు గంట మీద బలంగా ఒక్కటిచ్చాడు.

"అబ్బా," అని మోగింది గంట.

 ఆ గొంతు కేయూరుడు పుట్టినప్పటినుంచీ విన్న గొంతు. ఏడాదిగా రోజూ పొద్దున్నే ఈ రోకలి దెబ్బలు తింటున్నది తన తండ్రి.

"మా గంట ఎప్పుడూ ఇలాగే మోగుతుంది," అంది చిటికె గర్వంగా. "మామయ్య ఇచ్చాడు."

"చాలా మంచి గంట," అన్నాడు కేయూరుడు. "పిల్లలూ, పెరట్లోకి వెళ్ళి ఒక్కొక్కరు వంద గులకరాళ్ళు ఏరుకు రండి. పాఠానికి కావాలి."

పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పోయారు. అతను గంట దగ్గరకు పరుగెత్తి, గంటంతో మెల్లగా తట్టాడు. సన్నగా ఏదో గొణుగు వినిపించింది గాని మాట తెలియలేదు. ఇంకొంచెం గట్టిగా తట్టాడు.

"గట్టిగా," అంది గంట.

కేయూరుడు కళ్ళు మూసుకుని, మనసులో తండ్రి కాళ్ళకు మొక్కి, రోకలెత్తాడు. దెబ్బకొక ముక్క చొప్పున విషయం బయటపడింది.

"వచ్చావా నాయనా."

ఠంగ్.

"శాపానికి విడుపుంది."

ఠంగ్.

"ఒకటి పక్కన నూట ఎనిమిది సున్నాలు."

ఠంగ్.

"ఆ సంఖ్యను ఒక్క చింతాకు మీద రాయాలి."

ఠంగ్.

"పాలకోరలు రెండూ ఉన్న పిల్ల తన గోటితో రాయాలి."

"పంతులూ," అని వంటింట్లోంచి ఝంఝ కేకేసింది. "బడి ఎన్నిసార్లు మొదలెడతావు?"

"శ్రుతి చూస్తున్నానమ్మా," అన్నాడు కేయూరుడు. మళ్ళీ ఒక్కటి వేశాడు.

"ఆ పెద్ద పిల్లలందరికీ ఊడిపోయాయి. చిన్నదొక్కతే మిగిలింది."

ఠంగ్.

"ఇవాళో రేపో అదీ ఊడుతుంది. ఇంక కొట్టకు."

కేయూరుడు రోకలి పక్కన పెట్టాడు. చింతాకంటే చింతరెమ్మకుండే బుల్లి ఆకు. చిటికెనవేలి గోరంత ఉంటుంది. దాని మీద ఒక్క సున్నా పెడితేనే సగం నిండుతుంది. నూట ఎనిమిది ఎక్కడ పడతాయి? మాంత్రికుడు కావాలనే జరగని పని పెట్టాడు. పైగా ఆ సంఖ్య ఎంతో తనకే తెలియదు.

పిల్లలు రాళ్ళతో వచ్చారు. తెలిసిన దగ్గర మొదలుపెడదామని, అతను గర్జనుడికి సుద్దముక్క ఇచ్చి ఒకటి వేసి పక్కన నూట ఎనిమిది సున్నాలు పెట్టమన్నాడు. గర్జనుడు సున్నా వేస్తే విస్తరాకంత వేస్తాడు. మండపం నేల ఇరవై రెండు సున్నాలతో నిండింది. గోడ ఎక్కాడు. గోడ అయిపోయి గుమ్మం దాటాడు, మెట్లు దిగాడు, పెరట్లో బావి చుట్టూ తిరిగాడు. కొంతసేపటికి దూరం నుంచి వాడి గొంతు వినిపించింది.

"పంతులుగారూ, ఇది డెబ్భై ఒకటా, డెబ్భై నాలుగా?"

"డెబ్భై నాలుగు," అన్నాడు పిడుగు.

"మెట్ల మీద మూడు నేను తుడిచేశాను," అన్నాడు మెరుపు. "జారుతున్నాయని."

గర్జనుడు తిరిగొచ్చి మెరుపును ఎత్తి పిడుగు మీద వేశాడు. చాపలు చిరిగాయి. సుద్దపొడి పొగమంచులా లేచింది. ఝంఝ గుమ్మంలోంచి తొంగిచూసి, కత్తి రాతి మీద రెండుసార్లు నూరి వెళ్ళింది. చిటికె మాత్రం మూల కూర్చుని కోర ఊపుకుంటోంది. "ఇంకా గట్టిగా ఊపితే ఊడొస్తుంది," అని తనలో తను అనుకుంది.

"ఊపకు తల్లీ," అన్నాడు కేయూరుడు, ప్రాణం పోయినట్టై. "ఊపితే వంకరగా వస్తుంది."

 అతను ఏం చెయ్యాలో తోచక గులకరాళ్ళను వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. కొలువులో ఏమీ తోచనప్పుడు కూడా రాళ్ళతో వ్యూహాలు పేర్చడం అతనికి అలవాటు. పది రాళ్ళు ఒక వరస. అలాంటివి పది వరసలు. ఒక్కో వరస ముందు ఒక నాయకుడు.

"ఏమిటవి?" అంటూ పిడుగు పాక్కుంటూ వచ్చాడు.

"సైన్యం."

ఆ మాటతో నలుగురూ చుట్టూ మూగారు. కేయూరుడి గొంతు మారిపోయింది. ఇది అతనికి తెలిసిన విద్య.

"మా సైన్యంలో, అంటే నేను విన్న ఒకానొక సైన్యంలో, పదిమంది బంట్లకు ఒక నాయకుడు. వాడి భుజానికి ఒక గవ్వ కుడతారు. అలాంటి పది గుంపులకు, అంటే వందమందికి, ఇంకొక నాయకుడు. వాడికి రెండు గవ్వలు. పది వందలు కలిస్తే వెయ్యి. వెయ్యిమంది నాయకుడికి?"

"మూడు," అన్నాడు మెరుపు.

"పదివేలకు నాలుగు. లక్షమంది సేనానికి ఐదు. యుద్ధంలో దుమ్ము లేచినప్పుడు ఎవడి వెనక ఎంతమందున్నారో లెక్కపెట్టే తీరిక ఎవరికుంటుంది? భుజం చూస్తే చాలు."

అలా అంటూనే అతను ఆగిపోయాడు. వందలో రెండు సున్నాలు. వంద నాయకుడికి రెండు గవ్వలు. వెయ్యిలో మూడు సున్నాలు. మూడు గవ్వలు.

"గర్జనా," అన్నాడు మెల్లగా. "లక్షకెన్ని సున్నాలు?"

గర్జనుడు నేల మీద వేసి చూసుకున్నాడు. "ఐదు." లక్ష సేనానికీ ఐదు గవ్వలేనని తోచింది. నోరు తెరుచుకుంది. "పంతులుగారూ, అయితే సున్నాలన్నీ రాయక్కర్లేదా?"

"అక్కర్లేదు. పది రాయి. దాని భుజం మీద ఐదు గవ్వలు పెట్టు."

"పదే ఎందుకు?" అన్నాడు పిడుగు.

"ప్రతి మెట్టుకూ పదింతలవుతున్నారు గనక. కింద ఉన్న పది ఆ సంగతి చెబుతుంది. ఎన్నిసార్లు పదింతలయ్యారో భుజం మీద గవ్వలు చెబుతాయి."

పొద్దున్నుంచీ మొదటిసారి ఆ మండపంలో ఎవరూ ఎవర్నీ కొరకలేదు. పిల్లలు సుద్దముక్కలు లాక్కుని నేల నిండా పదులు వేసి, వాటి భుజాల మీద గవ్వ బొమ్మలు గీయసాగారు. మూడు లక్షలు ఎలా రాయాలని మెరుపు అడిగాడు. "ముగ్గురు లక్ష సేనానులు," అన్నాడు కేయూరుడు. "మూడు వేసి, ఇంటూ గుర్తు పెట్టి, పక్కన సేనానిని నిలబెట్టు." తనకు అన్ని లెక్కలు వచ్చని అతనికే తెలియదు. ఇంకాస్త చిన్నప్పుడే ఎవరైనా ఇలా చెప్పి ఉంటే కిటికీలోంచి దూకే పని ఉండేది కాదు గదా అనిపించింది.

కాని సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నూట ఎనిమిది సున్నాలకు నూట ఎనిమిది గవ్వలు. చింతాకు మీద అవి మాత్రం ఎలా పడతాయి?

"మరీ ఎక్కువ గవ్వలున్నవాడి భుజం లాగెయ్యదూ?" అంది చిటికె.

"లాగేస్తుంది తల్లీ. అదే నా బాధ."

"ఎన్ని గవ్వలో అంకె వేసేస్తే పోదూ?"

ఆ పిల్ల సుద్దతో నేల మీద పది వేసింది. దాని భుజం మీద, చీమ తలంత, ఐదంకె పెట్టింది. లక్ష మొత్తం అరచేతిలో పట్టేంత జాగాలో ఇమిడిపోయింది.

కేయూరుడికి ఆ పిల్లకు సాష్టాంగపడాలనిపించింది. పాగా ఊడిపోతుందని ఊరుకున్నాడు.

"చిటికె తల్లీ, నువ్వొక పని చెయ్యాలి. వంటింట్లోకి వెళ్ళి నాలుగు చింతాకులు పట్రా. నూట ఎనిమిది సున్నాల సంఖ్యను ఆకు మీద నీ గోటితో రాయి. గంట వెనక కూర్చుని రాయి, ఎవరూ తోసెయ్యకుండా."

ఆమె అటు వెళ్ళిందో లేదో, మండపం మీద నీడ పడింది. రివ్వున గాలి కొట్టింది. ఏనుగంత గుడ్లగూబ ఒకటి పెరట్లో దిగబోయి, ఎండకు కళ్ళు కనిపించక బావి గట్టుకు గుద్దుకుని, రెండోసారికి కుదురుగా దిగింది. దాని మీద నుంచి ఘూకముఖుడు దిగాడు. మొహం కూడా గుడ్లగూబదే. గుండ్రటి కళ్ళు, వంకీ ముక్కు. ఒళ్ళు కదపకుండా తలను వెనక్కి దాకా తిప్పగలడు. ఒంటి నిండా నల్ల పట్టు, చేతిలో వెండి మంత్రదండం.

"తొందరగా వచ్చావేం అన్నయ్యా?" అంది ఝంఝ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"ఆకలేసింది," అన్నాడు ఘూకముఖుడు. "ఏం వండుతున్నావు?"

"అది పరీక్షను బట్టి."

మాంత్రికుడు పీట మీద కూర్చుని పిల్లల్ని వరసగా నిలబెట్టాడు. కేయూరుడు తాటాకుల కట్టను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"పిడుగూ. కోటి రాయి. రాస్తూ ఉండు, నేను కాస్త కునుకు తీస్తాను."

"రాశాను మామయ్యా."

ఘూకముఖుడు ఒక కన్ను తెరిచాడు. నేల మీద పది, దాని భుజం మీద ఏడు. "ఇదేమిటి?"

"కోటి. ఏడు గవ్వల సేనాని."

మాంత్రికుడు కోటికి సున్నాలెన్నో వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఏడని తేలాక మొహం ముడుచుకున్నాడు. మూడు లక్షలు రాయమంటే మెరుపు క్షణంలో రాసేశాడు. ఈసారి మాంత్రికుడు గర్జనుడి వైపు తిరిగాడు.

"కోటి కోట్లు. ఊ, రాయి."

గర్జనుడు మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. "ఒక కోటి సేనాని కింద ఎంతమందుంటే, అంతమందిలో ఒక్కొక్కడి కిందా ఒక కోటి," అని గొణుక్కున్నాడు. "ఏడు మెట్లు ఎక్కాక ఇంకో ఏడు మెట్లు. గవ్వలు కలుపుకుంటే చాలు." పది వేసి భుజం మీద పద్నాలుగు పెట్టాడు.

ఘూకముఖుడు మళ్ళీ వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. తన పది వేళ్ళూ అయిపోయాయి. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆమె వేళ్ళ మీద కొనసాగించాడు. పద్నాలుగో వేలు దగ్గర ఆగాడు.

"సరిపోయింది," అన్నాడు నీరసంగా.

ఝంఝ గోడకు చేరగిలబడి కళ్ళొత్తుకుంది. "కోటి కోట్లు," అంది. "కుంభోదరి ఈ మాట వింటే పడకేస్తుంది."

సరిగ్గా అప్పుడే గంట ఉబ్బడం మొదలైంది.

కడవంత గంట గాదెంతైంది, గాదెంతది గదంతైంది. గొలుసు తెగింది. మండపం కప్పు రెండుగా చీలి రాళ్ళు రాలాయి. పదింతలైన గంట నోరు కిందికి పెట్టి నేల మీద కూలబడేసరికి కవలలు ఇద్దరూ దాని కింద చిక్కుకున్నారు. లోపల్నుంచి పిడుగు తన్నుతుంటే, "అబ్బా, అబ్బా," అని గంట కోటంతా దద్దరిల్లేలా మోగుతోంది. గంట వెనకున్న చిటికె బిక్కమొహం వేసుకుని బయటికొచ్చింది. ఆమె వేలి మీద ఒక చింతాకు.

"ఎన్ని వేశావు తల్లీ?" అన్నాడు కేయూరుడు.

"నూట తొమ్మిది. నూట ఎనిమిది సున్నాలూ, ముందున్న ఒకటీ."

"ఒకటి సున్నా కాదు. భుజం మీద సున్నాలే లెక్క. ఒక్కటి ఎక్కువ పెట్టేసరికి పదింతలైంది. ఇంకో ఆకు మీద మళ్ళీ రాయి."

ఘూకముఖుడి తల గిర్రున వెనక్కి తిరిగింది. చింతాకు చూశాడు, పంతుల్ని చూశాడు. ఆ ముక్కు, ఆ గడ్డం ఏడాది కిందట సింహాసనం పక్కన చూసినవే.

"యువరాజా," అంటూ దండం ఝళిపించాడు.

కేయూరుడు వంగాడు. మంత్రం పాగాకు తగిలింది. పాగా కోడిపుంజై కొక్కొరోకో అంటూ మాంత్రికుడి మొహం మీదికి ఎగిరింది. ఈలోగా అతను చురకత్తి లాగి, స్తంభాన్ని తన్ని, పీట మీదుగా దూకి, మంత్రదండాన్ని కత్తి పిడితో కొట్టాడు. అది ఎగిరి ఉల్లిపాయల గిన్నెలో పడింది. ఘూకముఖుడు దానికోసం పరుగెత్తలేదు. అతను చాలా తెలివైనవాడు. జేబులోంచి వేరుశనగ పాకం ఉండ తీసి చిటికె చేతిలో పెట్టాడు.

"ఇదిగో అమ్మలూ. నీకిష్టం గదా. గట్టిగా కొరుకు."

కేయూరుడి చేతిలో కత్తి నిలిచిపోయింది. ఆ పాకం ఉండను కొరికిందంటే ఊగే కోర దానికి అంటుకుని ఊడొస్తుంది. కోర పోతే తండ్రి ఇంక ఎన్నటికీ గంటే. అతను ఆమెకు అడ్డం వెళ్ళబోయాడు గాని మాంత్రికుడు అతని కాలు పట్టి లాగాడు. ఇద్దరూ సుద్దపొడిలో దొర్లారు.

"చిటికె," అన్నాడు కేయూరుడు మాంత్రికుడి మోచెయ్యి కింద నుంచి. "ముందు లెక్క. తర్వాత ఉండ."

చిటికె ఉండ చూసింది, ఆకు చూసింది. పిల్ల మనసు రెండు వైపులా లాగుతోంది. చివరికి ఉండను బుగ్గన పెట్టుకుని, కొరక్కుండా, కొత్త ఆకు మీద గోరు ఆనించింది. పది వేసింది. దాని భుజం మీద ఒకటి వేసింది. సున్నా వేసింది. పాకం కరిగి నోరూరుతోంది. ఎనిమిది వేయడానికి వేలు తిప్పింది. అది పూర్తయిందో లేదో, ఇంక ఆగలేక కొరికేసింది.

టక్ మంది.

ఆ శబ్దంతో పాటే గంట మాయమైంది. దాని చోట మాసిన పట్టుబట్టలతో, చిక్కిన ఒంటితో వజ్రబాహు మహారాజు నిలబడి ఉన్నాడు. ఒక భుజం మీద పిడుగు, ఇంకో భుజం మీద మెరుపు. రాజు రెండు చేతులతో నడుం పట్టుకున్నాడు.

"ఏడాది," అన్నాడు. "రోజుకు మూడు దెబ్బలు. సెలవుల్లో కూడా."

కేయూరుడు మాంత్రికుణ్ణి వదిలి వెళ్ళి తండ్రిని కావలించుకున్నాడు.  కవలలు మధ్యలో నలిగి కెవ్వుమన్నారు.

"చెల్లీ," అని అరిచాడు ఘూకముఖుడు. "వీడు పంతులు కాడు. చంద్రహేల యువరాజు. కత్తి పట్రా."

ఝంఝ కత్తితోనే వచ్చింది. అన్న వంక చూసింది, పిల్లల వంక చూసింది, చిటికె అందించిన చింతాకును కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది నా కూతురు రాసిందా?"

"రాసింది. అదే వచ్చిన తంటా."

"నువ్వు ఎవరివల్లా కాదని పెట్టిన సంఖ్య. ఆరేళ్ళ పిల్ల. పాకం ఉండ నోట్లో పెట్టుకుని రాసింది."

"చెల్లీ, ముందు వాణ్ణి నరుకు."

 ఝంఝ కత్తి పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నింపాదిగా అన్న మీద కూర్చుంది. కింద నుంచి చిన్న మూలుగు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"యువరాజువో పంతులువో నాకెందుకు," అంది. "నా పిల్లలు కోటి కోట్లు రాశారు. ఇతగాడి కోపం దిగేదాకా నేను లేవను. అది సాయంత్రం దాకా దిగదు. ఈలోగా ఎంత దూరం పోగలవో పో. మళ్ళీ ఎప్పుడన్నా వచ్చి భాగహారాలు కూడా చెప్పిపో."

కేయూరుడు ఆమెకు మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టాడు. చిటికె పాకం ఉండకు అంటుకున్న కోరను చూపించి, నవ్వింది. ఒక కోర లేని ఆ నవ్వు చూసి అతనికి ఒక్కక్షణం వెళ్ళబుద్ధి కాలేదు. తండ్రి రెక్క పట్టుకు లాగితే గాని కదల్లేదు.

సింహద్వారం దాకా పోయే ఓపిక రాజుకు లేదు. పెరట్లో గుడ్లగూబ ఎండకు కళ్ళు మూసుకుని కునుకుతోంది. కేయూరుడు తండ్రిని దాని వీపు మీదికి ఎక్కించి, తనూ ఎక్కి, మెడ కింద ఈకలు గట్టిగా పట్టుకుని మడమలతో పొడిచాడు. అది ఉలిక్కిపడి లేచింది. బావికి గుద్దుకుంది, బురుజుకు గుద్దుకుంది, మూడో ప్రయత్నంలో ఆకాశం అందుకుంది.

కింద అడవులు పచ్చటి నదిలా పారుతున్నాయి. మబ్బుల అంచులు ఎండకు వెండి జలతారులా మెరుస్తున్నాయి. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. ఎడమకు తిప్పుదామని కేయూరుడు చెవి ఈకలు లాగాడు. పక్షి పట్టించుకోలేదు. కుడికి లాగినా అంతే. దానికి కళ్ళు కనిపించడం లేదు. అలవాటైన దారిలో రెక్కలు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. ఎటు పోతోందో అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. ఎదురుగా నిట్టనిలువు కొండ. కొండలో ఒక నల్లటి బిలం. బిలం ద్వారం మీద గుడ్లగూబ మొహం చెక్కి ఉంది.

"నాన్నగారూ, వంగండి," అన్నాడు.

పక్షి బాణంలా బిలంలోకి దూసుకుపోయింది. వాళ్ళ వెనక బండరాతి తలుపు దానంతటది గురగురమని మూసుకుంది. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. కేయూరుడు కత్తి దూశాడు. ఎక్కడో లోపల గాజుల చప్పుడైంది. ఎవరో అడుగులో అడుగు వేసుకుంటూ ఇటే వస్తున్నారు.

"ఇంత తొందరగా వచ్చేశావేం నాన్నా?" అంది ఒక ఆడపిల్ల గొంతు. మాంత్రికుడికి కూతురుందని ఏ దేశంలోనూ ఎవరూ చెప్పలేదు. "అత్తయ్య దగ్గర భోంచేశావా?"

కేయూరుడు తండ్రి నోరు మూద్దామని చీకట్లో చెయ్యి చాపాడు. కాని ఏడాదిగా ఒక్క మెతుకైనా ముట్టని వజ్రబాహు మహారాజు అప్పటికే జవాబిచ్చేశాడు.

"ఇంకా లేదమ్మా. ఏం వండావు?"